మండువా లోగిలిలో ఎనిమిది నిమిషాల చిత్రం: వెలుగూ వణుకూ, పన్నెండు రోజుల డైరీ

జనవరి 5

చిత్రీకరణకు చోటు ఖాయమైంది. కోనసీమలో మా మేనమామ గారి పాత మండువా లోగిలిలో, సంక్రాంతి సెలవుల్లో, ఎనిమిది నిమిషాల నిడివి గల కథ ఒకటి తీస్తున్నాము. దూరదేశంలో ఉన్న కొడుకు ఫోను చేస్తాడని ఒక పెద్దావిడ పొద్దున్నుంచి రాత్రి దాకా ఎదురుచూడటమే కథ. ఆ పాత్రకు మా చిన్నమ్మమ్మ గారు ఒప్పుకున్నారు. కెమెరా మా బావది, దీపాలు నావి, ప్రతి షాటుకూ కొలతలు రాసే నోటు పుస్తకం మా మేనకోడలిది.

సామగ్రి పెద్దగా లేదు. ఒక ఫోను, పాత అల్యూమినియం ట్రైపాడ్, ఒక మిత్రుడి దగ్గర అడిగి తెచ్చిన గింబల్ (ఫోను అటూ ఇటూ ఒరగకుండా మోటార్లతో నిలిపే పిడి), నాలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు, హోల్డర్లు బిగించిన పొడుగాటి వైర్లు, రెండు థర్మోకోల్ షీట్లు, కొంత బటర్ పేపరు, మామయ్య గారు బీరువాలోంచి తీసిచ్చిన తెల్ల పంచెలు. కథలో కెమెరా నిజంగా కదిలే షాట్లు మూడే ఉన్నాయి కనుక, కుదురు విషయంలో ఇబ్బంది ఉండదనీ, కష్టమంతా దీపాలతోనే ఉంటుందనీ అనుకుంటున్నాను.

జనవరి 6

ఆ అంచనా మొదటి సాయంత్రమే తప్పింది. పెద్దావిడ వసారా చివరి నుంచి నడుచుకుంటూ లోపలి గదిలోకి వెళ్తుంటే, కెమెరా ఆవిడ వెనకే ఆరేడు మీటర్లు నడవాలి. ఒక్క బల్బు వెలుగులో, ఫోనును ఆటోలోనే ఉంచి, బావ చేత్తో పట్టుకుని తీశాడు. చూస్తే షాటంతా అదిరినట్టు ఉంది. గింబల్ మీద పెట్టి మళ్ళీ తీశాము. ఫ్రేము అటూ ఇటూ తిరగడం ఆగింది కానీ, బొమ్మలో ఏదో అశాంతి అలాగే మిగిలింది. "నా చేతుల్లో లేదురా బావా ఇది, చూడు, గింబల్ నిటారుగానే ఉంది" అని బావ మూడుసార్లు అన్నాడు. నేను నమ్మలేదు.

రాత్రి భోజనాల తరువాత ఆ షాటును ఒక్కొక్క ఫ్రేముగా జరిపి చూసినప్పుడు విషయం బయటపడింది. గుమ్మం అంచు ప్రతి ఫ్రేములోనూ దాదాపు అదే చోట ఉంది, అంటే బొమ్మ కదలడం లేదు. కానీ పాదం నేలకు తగిలిన ప్రతిసారీ ఒకటి రెండు ఫ్రేములలో ఆ అంచు మసకబారి, తరువాతి ఫ్రేములో మళ్ళీ తేరుకుంటోంది. వరుసగా నడిపిస్తే ఈ మసకబారడం, తేరుకోవడమే కంటికి వణుకుగా కనిపిస్తోంది. వెలుగు చాలక ఫోను తన షట్టరును 1/30 సెకను దాకా తెరిచి ఉంచింది, ఐఎస్ఓను, అంటే అందిన వెలుగును కెమెరా పెంచి చూపే మోతాదును, 2000 దాటించింది. ఫోనులో ఉండే ఎలక్ట్రానిక్ స్థిరీకరణ, గైరోస్కోపు (ఫోను ఎటు తిరిగిందో పసిగట్టే భాగం) చెప్పిన కదలికను బట్టి ఒక ఫ్రేమును పక్క ఫ్రేముతో సరిపెట్టగలదు. అయితే షట్టరు తెరిచి ఉన్న ఆ 1/30 సెకనులోనే బొమ్మ అలుక్కుపోతే, అలుకును తీసివేయడం దాని వల్ల కాదు. మేము వణుకు అనుకున్నదానిలో ఎక్కువ భాగం వెలుగు లేమి. బావకు ఆ రాత్రే ఆ మాట చెప్పాను.

జనవరి 7

ఫోనులో ఆటో అన్నది లేకుండా చేయడంతో ఈ రోజు మొదలైంది. షట్టరు, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే కనిపించేలా రంగులను సరిదిద్దే అమరిక), ఫోకస్ నాలుగూ చేతితో అమర్చుకోనిచ్చే కెమెరా యాప్ వేసుకుని, సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 1/50 అని స్థిరపరిచాము. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. 1/50 సెకనులో సరిగ్గా రెండు హెచ్చుతగ్గులు, 1/100లో సరిగ్గా ఒకటి ఇముడుతాయి. 1/60 పెట్టి చూస్తే ఒకటీ మూడింట రెండు వంతుల దగ్గర తెగిపోయి, సున్నం గోడ మీద నల్లటి అడ్డచారలు మెల్లగా పైకి పాకడం తెర మీదే కనిపించింది. ఫోన్లు చాలావరకు మామూలుగా సెకనుకు 30 ఫ్రేముల మీద ఉంటాయి కాబట్టి, ఇంట్లో దీపాల కింద తీసేవారు ముందుగా చూసుకోవలసినది ఇదేనని నా అభిప్రాయం.

చారలు పోయాక కూడా లోపలి గదిలో వెలుగు అల్లల్లాడుతూనే ఉంది. కారణం కోసం అరగంట వెతికాక, బల్బును మేము సీలింగు ఫ్యాను రెక్కల కంటే ఎత్తున వేలాడదీశామని గమనించాము. రెక్కలు తిరిగినప్పుడల్లా బల్బుకూ గోడకూ అడ్డుపడుతున్నాయి. ఫ్యాను ఆపితే సరిపోయింది. జనవరి కావడం మా అదృష్టం.

నడక షాటుకు 1/50 కూడా చాలదని తేలింది. 1/100 అయితేనే అడుగు పడిన ఫ్రేము నిక్కచ్చిగా వస్తోంది. అంటే నిన్నటి 1/30తో పోలిస్తే కెమెరాలోకి వెళ్ళే వెలుగు మూడో వంతు కన్నా తక్కువ. ఐఎస్ఓను 400 దగ్గర ఆపాలంటే నిన్నటికి పదిహేను రెట్లకు పైగా వెలుగు కావాలి. ఆ షాటును చివరి రోజుకు వాయిదా వేశాను.

జనవరి 9

ఉదయమంతా మండువాలో గడిచింది. ఈ ఇంటిని ఎంచుకోవడానికి మొదటి కారణం ఆ నడిమి ఆకాశమే. నాలుగు వైపులా పెంకుల వసారాలు లోపలికి వాలి, మధ్యలో చదరంగా తెరిచిన చోటు నుంచి పడే వెలుగు ముఖం మీద ఎంత మెత్తగా ఉంటుందో చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. అయితే అది ఎండ లేనప్పటి మాట. జనవరి మొదటి పక్షంలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు. దక్షిణానికి వాలి సుమారు 51 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అందువల్ల మండువాలోంచి దిగిన ఎండ ముక్క ఉత్తరపు వసారా వైపు పడి, పొద్దు జరిగే కొద్దీ పడమటి నుంచి తూర్పుకు పాకుతుంది. పెద్దావిడ బియ్యం ఏరుతూ కూర్చోవలసింది అక్కడే. ఎండ తగిలిన గచ్చుకూ, పక్కనే నీడలో ఉన్న ముఖానికీ నాలుగు స్టాపులకు పైగా తేడా వచ్చింది (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగమవడం). ముఖం సరిగ్గా వస్తే గచ్చు సున్నపు ముద్దలా తెల్లబోతోంది, గచ్చు సరిపడితే కళ్ళు కనిపించడం లేదు.

ఇలాంటి చోటును తలుచుకుంటే ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర గుర్తుకు రాక తప్పదు. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ చిత్రం "అపరాజితో" కోసం కాశీ ఇంటి లోగిలిని కలకత్తా స్టూడియోలో సెట్టుగా వేసినప్పుడు, ఆయన సెట్టు పైన తెల్లటి గుడ్డ పరిపించి, దీపాలను నేరుగా నటుల మీదికి కాక ఆ గుడ్డ మీదికి వేసి, తిరిగి కిందికి దిగిన వెలుగులో చిత్రీకరించారు. ఆకాశం లేని చోట ఆయన ఆకాశాన్ని కల్పించుకున్నారు. మాకు ఆకాశం ఉంది, ఎండను వడకట్టడమే మా పని.

నాలుగు మీటర్ల పంచెలు రెండింటిని అంచుకు అంచు కలిపి కుట్టి, మండువాకు అడ్డంగా తాళ్ళతో బిగించాము. ఎండ ముక్క కరిగి, మొత్తం చోటు పాల రంగు వెలుగుతో నిండింది. ఒక స్టాపు కన్నా కాస్త ఎక్కువ పోయింది, అది పోయినా పగలు లోటు లేదు. ముఖానికి రెండో పక్క, ఫ్రేముకు బయట, రెండున్నర అడుగుల దూరంలో థర్మోకోల్ నిలబెడితే కంటి కింది గుంటలు తేలికపడ్డాయి. ఇంకా దగ్గరగా తెస్తే ముఖంలోని ముడతలన్నీ చదునైపోయి, ఆవిడ వయసే పోయినట్టు అనిపించి, వెనక్కి జరిపాను. ఆ ముడతలు నాకు కావాలి.

పదకొండు గంటలకు కాలవ మీది గాలి లేచింది. ట్రైపాడ్ మీద కెమెరా రాయిలా ఉంది, చిన్నమ్మమ్మ గారు కదలకుండా కూర్చున్నారు, కానీ తీసిన షాటు వణికింది. పంచె ఉబ్బి తగ్గినప్పుడల్లా గోడ మీద వెలుగు నీటిలా ఊగింది. కెమెరాకు ఎంత కుదురు కావాలో వెలుగుకూ అంతే కావాలని నేను ఆలోచించనే లేదు. నీళ్ళు నింపిన సీసాలను పంచె అంచుల పొడుగునా వేలాడదీసి, మధ్యలో ఎదురెదురుగా రెండు తాళ్ళు కిందా పైనా లాగి కడితే ఊపు చాలావరకు తగ్గింది. మిగిలినదానికి గాలి తెరిపి ఇచ్చేదాకా ఆగాము. ఏడు షాట్లు అనుకున్న చోట నాలుగే పూర్తయ్యాయి.

జనవరి 10

లోపలి హాలులో ఉయ్యాల బల్ల ఉంది. నూరేళ్ళ నాటి టేకు చెక్క పలక, ఇత్తడి గొలుసులు. పెద్దావిడ దాని మీద కూర్చుని ఫోను వంక చూస్తూ నెమ్మదిగా ఊగుతుంది. కథకు గుండెకాయ లాంటి షాటు ఇదే. కెమెరాను నేల మీద పెట్టి తీస్తే ఆవిడ ఫ్రేములోకి వచ్చి పోతూ ఉంటుంది. అందుకు బదులు కెమెరానే బల్లకు బిగిస్తే ఆవిడ కుదురుగా ఉండి, ఇల్లంతా ఆవిడ చుట్టూ ఊగుతుంది. ఎదురుచూసే మనిషికి ఇల్లు అలాగే కనిపిస్తుందని నాకు అనిపించింది.

ఆవిడ ఒక కొసన కూర్చుంటే, రెండో కొసన వడ్రంగి వాడే సి-క్లాంపుతో ఫోను హోల్డరును బిగించి, బరువు సరితూగడానికి ఫోను కింద బియ్యం బస్తా పెట్టాము. మొదటి టేకులోనే ఆశ్చర్యం. ఫోనుకూ ముఖానికీ మధ్య దూరం మారదు, కోణం మారదు, అయినా ముఖం ఫ్రేములో మెల్లగా తేలుతూ, అంచుల దగ్గర గోడ వంగుతూ కనిపించింది. కారణం స్థిరీకరణే. బల్ల గొలుసులు ఒక్కో పక్కన రెండు చొప్పున పైకి వెళ్ళి ఒకే కొక్కేనికి కలుస్తాయి కాబట్టి, ఊగేటప్పుడు బల్ల లోలకంలా కొద్దిగా వాలుతుంది. ఫోనులోని గైరోస్కోపు ఆ వాలును వణుకుగా లెక్కగట్టి, దాన్ని సరిదిద్దబోయి ముఖాన్ని పక్కకు నెడుతోంది. దానికి ఇల్లు స్థిరం. నాకు కావలసింది మనిషి స్థిరం. స్థిరీకరణను పూర్తిగా ఆపి తీస్తే, ముఖం మేకు కొట్టినట్టు నిలిచింది.

రెండో చిక్కును చెప్పింది చిన్నమ్మమ్మ గారే. "ముందుకొస్తే కళ్ళల్లో గుచ్చుతోంది, వెనక్కెళ్తే చీకటైపోతోంది నాన్నా, ఆ దీపాన్ని కూడా ఊపుతున్నావా ఏంటి?" అన్నారు. దీపం కదలడం లేదు, ఆవిడే దానికి దగ్గరై దూరమవుతున్నారు. బల్బును ఆవిడకు ఎదురుగా ఒకటిన్నర మీటర్ల దూరంలో పెట్టాను. బల్ల ముందుకూ వెనక్కూ 30 సెంటీమీటర్ల చొప్పున ఊగుతుంది. వెలుగు దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక, 1.2 మీటర్ల దగ్గర పడేది 1.8 మీటర్ల దగ్గర పడేదానికి రెండుంపావు రెట్లు, అంటే ఒక స్టాపుకు మించిన తేడా. అదే బల్బును 4 మీటర్లకు జరిపితే దూరం 3.7 నుంచి 4.3 మధ్యనే మారుతుంది, తేడా సుమారు ఒకటీ మూడోవంతు రెట్లకు, అర స్టాపు లోపుకు దిగుతుంది. ఈ లెక్క కాగితం మీద నాకు ముందే తెలుసు. కానీ ఊగే ముఖం మీద దాన్ని చూసిన తరువాతే అది నా చేతికి వచ్చింది.

జరిపిన దానికి మూల్యం ఉంది. ఒకటిన్నర నుంచి 4 మీటర్లకు వెళ్తే వెలుగు ఏడో వంతుకు పడిపోతుంది. నాలుగు బల్బులను ఒకే చెక్క చట్రానికి పక్కపక్కన బిగించి నాలుగు రెట్లు తిరిగి తెచ్చుకున్నాను, మిగతాది ఐఎస్ఓను 200 నుంచి 400కు పెంచి సరిపెట్టాను. చట్రం పెద్దదైనా దూరం కూడా పెరిగింది కాబట్టి నీడలు కొంచెం గట్టిపడ్డాయి, దాని ముందు బటర్ పేపరు కట్టినా చాలినంత మెత్తబడలేదు. ఆ గట్టిదనాన్ని ఒప్పుకుని ముందుకు సాగాము. ఏడో టేకు బాగుంది. వెనక గోడ మీది ఫోటోలు, గుమ్మం, మండువాలోని తులసి కోట ఒక్కొక్కటిగా ఆవిడ తల వెనక జారి వెళ్తుంటే, ఆవిడ కళ్ళు మాత్రం కదలలేదు.

జనవరి 12

ఇప్పటిదాకా తీసినవి నిన్నా ఈ రోజూ కంప్యూటరులో పరచి చూశాను. ఉయ్యాల షాటులో ఆవిడ చీర ఎర్రంచు గోధుమ రంగుకు తిరిగింది, కుంకుమ బొట్టు ఇటుక పొడిలా ఉంది, చర్మం పాలిపోయింది. తప్పు వైట్ బ్యాలెన్స్‌ది కాదు, బల్బులది. మామూలు ఇంటి బల్బుల సీఆర్‌ఐ (దీపం కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో నూటికి చెప్పే అంకె) 80 దగ్గర ఉంటుంది. ఆ అంకె ఎనిమిది మెత్తని రంగుల సగటు, ముదురు ఎరుపును కొలిచే ఆర్9 అందులో చేరదు. కాబట్టి 80 అని రాసి ఉన్న బల్బు కింద ఎరుపు దాదాపు చచ్చిపోవచ్చు. తెలుగింటి పెద్దావిడను, పసుపు కుంకుమలను, నేత చీరను తీయాలనుకునే వాళ్ళకు ఎరుపే ప్రాణం. సీఆర్‌ఐ 95కు పైన అని పెట్టె మీద ముద్రించిన నాలుగు బల్బులను రాజమహేంద్రవరం నుంచి వచ్చే మిత్రుడితో తెప్పిస్తున్నాను.

ఇంకొకటి కూడా కంటపడింది. ఈ ఇంటి గోడల సున్నంలో నీలం కలిపి వేశారు, పంచెలకు కూడా నీలం పెట్టి ఉతుకుతారు. కంటికి అది తెలుపే. కానీ వాటి మీద పడి తిరిగి వచ్చిన వెలుగు చల్లబడుతోంది, అదే సమయంలో ఎర్ర గచ్చు కింది నుంచి గడ్డానికి వెచ్చదనం అద్దుతోంది. ప్రతి షాటుకు ముందు ముఖం దగ్గర తెల్ల కాగితం పట్టి చూసుకోవడం ఇకనుంచి మేనకోడలి బాధ్యత.

జనవరి 13

భోగి. తెల్లవారుజామున మంట దగ్గర ఒక్క షాటు తీశాము. తలుపు పక్క అరుగు మీద పెసల సంచిని పరిచి, దాని మీద ఫోనును ఒత్తి పెడితే ట్రైపాడ్ కన్నా గట్టిగా కూర్చుంది. ట్రైపాడ్ హెడ్డుకు పాన్ చేసేటప్పుడు, అంటే కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు, మొదట్లో ఒక కుదుపు ఉంటుంది. పిడిని చేత్తో కాకుండా రబ్బరు బ్యాండు తగిలించి లాగితే ఆ కుదుపును రబ్బరు మింగేస్తోంది. ఒక వస్తువు ఫ్రేము ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి ఏడు సెకన్లు పట్టేలా పాన్ చేయాలన్న పాత కొలతను పాటించాము, నప్పింది.

జనవరి 15

రాత్రి దృశ్యం. మాయాబజార్ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ చూపిన వెన్నెలను మా ఇంట్లో మూడు తరాలు చెప్పుకున్నాయి, చిన్నమ్మమ్మ గారు ఈ రోజు కూడా ఆ ఊసే ఎత్తారు. అది నలుపు తెలుపు చిత్రం కాబట్టి ఆయనకు నీలి రంగు సాయం లేదు. వెలుగు వచ్చే దిక్కు, నీడల లోతు, నీటి మీది మెరుపు, వీటితోనే చూసేవారికి వెన్నెల అనిపించారు. మాకు రంగు ఉన్నందువల్ల మేము సులువైన దారి పట్టాము.

సూర్యుడు ఆరు కాకముందే దిగిపోయాడు. ఆ తరువాత ఇరవై నిమిషాలే మాకు ఉన్న గడువు. వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే లెక్క, అంకె తగ్గే కొద్దీ వెలుగు పసుపుకు తిరుగుతుంది) దగ్గర నిలిపితే మండువాలోంచి దిగే సంధ్య వెలుగు నీలమై, లాంతరు మంట నారింజ రంగులో నిలుస్తుంది. మంట ఒక్కటే ముఖానికి చాలదు కనుక ఇత్తడి బిందె వెనక 2700 కెల్విన్ల బల్బు ఒకటి దాచి, బటర్ పేపరు చుట్టాము. చిక్కల్లా సంధ్య జారిపోయే వేగం. మా కొలతల ప్రకారం మూడు నాలుగు నిమిషాలకు ఒక స్టాపు చొప్పున ఆకాశం తగ్గింది. ఎక్స్‌పోజరు (షట్టరు, ఐఎస్ఓల అమరిక) కదల్చకూడదు, కాబట్టి ఆకాశం తగ్గినప్పుడల్లా బల్బు మీద పేపరు ఒక పొర పెంచుతూ రెండింటి పొత్తును కాపాడాను. మూడు టేకులు దక్కాయి. నాలుగోదానికి ఐఎస్ఓ 800 దాటించాల్సి వచ్చి, ఆపేశాను. రెండో టేకులో లాంతరు వత్తి ఒక్కసారి చిటపటలాడి, ఆవిడ కనురెప్ప నీడ చెంప మీద సన్నగా కదిలింది. ఉంచుకునేది ఆ టేకే.

జనవరి 16

మొదటి రోజు చేతులెత్తేసిన నడక షాటుకు మళ్ళీ వచ్చాము. కొత్త బల్బులు నాలుగింటిని వసారా పొడుగునా, కెమెరాకు కనపడకుండా స్తంభాల చాటున, సున్నం గోడ వైపు తిప్పి కట్టాను. నేరుగా పడితే ఆవిడ ప్రతి బల్బు దగ్గరా మెరిసి, దాటగానే మసకబారుతారు. గోడ మీద పడి తిరిగి వస్తే ఆరు మీటర్ల పొడుగునా హెచ్చుతగ్గు అర స్టాపు లోపు ఉంది. అయినా 1/100కు సరిపోక, సాయంత్రం కాకుండా పగలు మూడు గంటలకు, మండువా వెలుగును కూడా కలుపుకుని తీయాలని నిర్ణయించాము. కథలో వేళ మారింది, దానివల్ల నష్టమేమీ లేదు.

గింబల్ ఫోను తిరగడాన్ని ఆపుతుంది కానీ నడకలో పైకీ కిందికీ లేచే ఊపును ఆపలేదు. దాన్ని పక్కన పెట్టి, ట్రైపాడ్ కాళ్ళు మూసి, వాటి చివర మామయ్య గారి పాత తూకపు రాళ్ళు రెండు కట్టి, తలకు కాస్త కింద, మొత్తం బరువు తూగే చోట రెండు వేళ్ళతో పట్టుకోమని బావకు చెప్పాను. గారెట్ బ్రౌన్ 1970లలో స్టెడీక్యామ్‌ను (నడుస్తూ తీసినా కెమెరాను కుదురుగా ఉంచే సాధనం) రూపొందించినప్పుడు ఆధారపడిన సూత్రం ఇందులోనూ ఉంది. బరువును ఒక్కచోట పోగు చేయకుండా దూరదూరంగా పంచితే ఆ వస్తువు తొందరగా తిరగదు. మిగతా ఊపును బావ మోకాళ్ళే మింగాలి. మడమ ముందు ఆనించి, మునివేళ్ళ మీదికి దొర్లించి, మోకాళ్ళు వంచి, నీళ్ళ బిందె మోసే వారిలా నడవమన్నాను. ఐదో టేకుకు నడక కుదిరింది. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూస్తే, అడుగు పడిన చోట గుమ్మం అంచు మసకబారలేదు.

ఇక మిగిలింది ఉయ్యాల షాటును కొత్త బల్బుల కింద మళ్ళీ తీయడం. పాత టేకులో ఆ కళ్ళు ఎలా ఉన్నాయో మళ్ళీ అలా వస్తాయన్న నమ్మకం నాకు లేదు, ఎరుపు పోయిన చీరను వదులుకోవడమూ ఇష్టం లేదు. రేపు ఉదయం చిన్నమ్మమ్మ గారి జపం అయ్యాక అడగాలి. క్లాంపు బల్లకే ఉంది, బల్బుల చట్రాన్ని నాలుగు మీటర్ల గుర్తు దగ్గరే ఉంచాను.